మన భాషలో నేనుంటానా

వేన్ కదిలింది. మా ఊరు తోక్మోక్ చేరడానికి గంట పడుతుంది, ఈ గంటలోపల సబీర్‌కి ఏం చెప్పాలో నేను తేల్చుకోవాలి. వాడు స్టాండులో వేన్ ఆగేచోటే నిలబడి ఉంటాడు, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు కట్టేసి, వేళ్ళకంటిన నూనె కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చేసి, నేను మెట్టు దిగీ దిగకముందే అడుగుతాడు. పొద్దున గుమ్మం దగ్గర అడిగిందే మళ్ళీ అడుగుతాడు. "రష్యన్ బైబిల్లో నేనున్నాను మాస్టారూ, నా మొహం మీదే చదివి వినిపించారు కాబట్టి నాకు తెలుసు. మన భాషలో కూడా ఉంటానా?" నవ్వుతూనే అడిగాడు, వాడు ఏడవాల్సినవన్నీ నవ్వుతూనే అడుగుతాడు. కిర్గిజ్ బైబిల్లో తను లేకపోతే వచ్చే ఆదివారం చర్చికి వస్తానన్నాడు, ఇన్నేళ్ళ తర్వాత, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వస్తానన్నాడు. ఆ చొక్కా నిన్ననే ఇస్త్రీ చేసి మేకుకి తగిలించాడు కూడా, తొందరెక్కువ వెధవకి.

నెగ్గింది నేనే, అదే విడ్డూరం. బైబిల్‌ని కిర్గిజ్‌లోకి తర్జుమా చేస్తున్న మా కమిటీలో అందరూ నేను పెట్టిన మాటకే చేతులెత్తారు. హెన్రిక్ లేచి వచ్చి మరీ చెయ్యి కలిపాడు. ఎక్కడో మంచుదేశం నుంచి వచ్చి, మా భాష మా పిల్లలకంటే శుభ్రంగా నేర్చుకుని, మా తర్జుమాకి మార్కులు వేసే సలహాదారు ఆయన, అంత తేలిగ్గా ఎవరితోనూ చెయ్యి కలపడు. నేను కూడా కలిపాను, ఏం చేస్తాను. ఆ చెయ్యి ఇంకా నాది కానట్టే ఉంది, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "కాస్త జరుగు బైకే, రొట్టెలు నలిగిపోతాయి" అంటోంది పక్కసీటు ఆవిడ, మాలో పెద్దవయసు మగవాళ్ళని అన్నయ్యా అన్నట్టు బైకే అంటారు, ఆవిడ మోకాళ్ళ మీద అంత సంచి, వేడి వేడి రొట్టెల వాసన. జరిగాను. జరగడం నాకు బాగా అలవాటు. బడిలో ఉన్నన్నాళ్ళూ ఇన్‌స్పెక్టర్ వస్తే జరిగాను, దేశం మారితే జరిగాను, నా భార్య పోయాక వాళ్ళవాళ్ళు వచ్చి సామాన్లు పట్టుకెళ్తుంటే గోడవారకి జరిగాను. భార్య పోయినవాణ్ణి కనక నన్నెవరూ ఏమీ అడగరు. వెనకగదిలో అద్దెకుంటున్న మెకానిక్కు అని సబీర్ గురించి చెబుతాను, సరే అంటారు. అద్దె ఎంత అని మాత్రం ఒక్కరూ అడగలేదు ఇంతవరకూ. అడగకపోవడంలో అంత మర్యాద ఉందని ఎంత పిచ్చిగా నమ్మానో.

మాట సంగతి. కొరింథువాళ్ళకి రాసిన ఉత్తరంలో పౌలు ఒక వరస చెబుతాడు, దేవుడి రాజ్యంలోకి రానివాళ్ళు వీళ్ళూ వీళ్ళూ అని, దొంగలు, లోభులు, తాగుబోతులు. ఆ వరస మధ్యలో ఒక గ్రీకు మాట. మగ అనే ముక్క ఒకటి, పడక అనే ముక్క ఒకటి, రెండూ కలిపి కుట్టేసి వెళ్ళిపోయాడు మహానుభావుడు. ఆయనకంటే ముందు ఎవరూ ఆ మాట వాడిన జాడ లేదు, అంటే ఏమిటయ్యా అని అడుగుదామంటే మనిషి లేడు. ఊళ్ళలో పెద్దమనుషులు పసివాళ్ళని కొనుక్కుని పడకల్లోకి తెచ్చుకునే రోజులవి, వాళ్ళని అన్నాడని కొందరు చదువుకున్నవాళ్ళు అంటారు. కాదు, మగవాడితో ఉండే ప్రతి మగవాణ్ణీ అన్నాడని ఇంకొందరు. రష్యన్‌వాళ్ళు రెండోదే పట్టుకున్నారు. నేను నలభై ఏళ్ళు కిర్గిజ్ పాఠం చెప్పిన మనిషిని, నాకేం తక్కువ, మా భాషలో మొదటిదానికి అచ్చంగా సరిపోయే మాట ఉందని నాకు తట్టింది. బచాబాజ్. కుమార్ అంటే పందెం, కుమార్‌బాజ్ అంటే జూదగాడు. బచా అంటే పిల్లాడు, ఇక చెప్పక్కర్లేదు. దక్షిణాన ఓష్ వైపు పాతకాలం జమీందార్లు మగపిల్లల కాళ్ళకి గజ్జెలు కట్టి ఆడించి, చేతులు మార్చుకుని, పాడుచేసి వదిలేసేవాళ్ళు, వాళ్ళ పేరు అది. ఆ మాట పెడితే పౌలు కోపం పోయి పోయి ఆ జమీందార్ల నెత్తిన పడుతుంది, పడాల్సినచోటే పడుతుంది. మిషన్లు బాగుచేసుకుంటూ, సాయంత్రం నాకు టీ కాచి పెట్టే మనిషి ఆ వరసలోంచి తప్పించుకుంటాడు. కమిటీలోనే ఉన్న మా చర్చి పాస్టర్ జిర్గల్ మాత్రం మగవాడితో పడుకునే మగవాడు అని విప్పి రాయాల్సిందేనని కూర్చున్నాడు. అతను నా దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు, రెండో వరసలో కూర్చునేవాడు, ముక్కు చీదుకోవడం కూడా నేనే నేర్పాను.

కాంట్ సిమెంటు ఫ్యాక్టరీ దాటుతున్నాం, దుమ్ము లోపలికొస్తోందని డ్రైవరు మీద ఎవరో కేకలేస్తున్నారు. "అద్దం మూసుకో అక్కా, నన్ననకు, దుమ్ము నేను పెంచడంలేదు" అంటున్నాడు వాడు. గుర్రం గుర్తొస్తోంది నాకు, ఎందుకో, ఆ ఫ్యాక్టరీ వెనక మేసే బక్క గుర్రాల్ని చూసి కాబోలు. గుర్రం మూలానే కదా సబీర్‌ని చర్చిలోంచి వెళ్ళగొట్టింది. జిర్గల్ వాళ్ళింట్లో పిల్లాడి పండగకి చర్చివాళ్ళందరం వెళ్ళాం, ఎదురుగా గుర్రపుమాంసం పేగులో కూరి వండిన చుచుక్ చక్రాల్లా కోసి పెట్టారు, కొవ్వు కారుతోంది. జిర్గల్ సబీర్‌కి మూడోసారి పెళ్ళి సంబంధం తెచ్చాడు ఆరోజు, పిల్ల బంగారం అన్నాడు. సబీర్ బల్ల దగ్గరే చెప్పేశాడు, నాకు ఆడపిల్లతో పొసగదు పాస్టర్‌గారూ, ఆ పిల్ల గొంతు ఎందుకు కోస్తారు, అని. జిర్గల్ లేవీయకాండం ఎత్తుకున్నాడు, స్త్రీతో పడుకున్నట్టు పురుషునితో, అని. సబీర్ ఊరుకుంటాడా, "అదే పుస్తకంలో కాస్త వెనక్కి తిప్పండి, డెక్క చీలి, నెమరు వేసేదాన్నే తినమంది. గుర్రానికి డెక్క చీలిందా, అది నెమరేస్తుందా? అది అపవిత్రం అంటోంది మీ పుస్తకం, మీరేమో మూడో ముక్క తింటున్నారు" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు ఎవరిదో కానీ శిక్ష వాడికి పడింది, మరుసటి ఆదివారం వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి పౌలు వరసంతా రష్యన్‌లో చదివాడు జిర్గల్, ఆ మాట దగ్గర ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివాడు. అప్పట్నుంచీ వాడు చర్చి ఉన్న వీధిలోంచి కూడా నడవడు, చుట్టూ తిరిగొస్తాడు.

కానీ దేవుణ్ణి వదల్లేదు వాడు. అది జిర్గల్‌కి అర్థంకాదు. వదిలేస్తే ఎంత సుఖంగా ఉండేది, నాకైనా. మాలో ప్రతివాడికీ ఏడు తరాల తండ్రుల పేర్లు నోటికి రావాలి, రాకపోతే మనిషే కాదంటారు. వాడు గడగడా చెబుతాడు, చెప్పి, ఇక్కడితో నాతో ఆగిపోయింది మాస్టారూ, నా పేరు చెప్పేవాడు పుట్టడు, అంటాడు. యెషయా పుస్తకం తర్జుమా చేస్తూ ఒకరోజు నపుంసకులకి దేవుడిచ్చిన మాట చదివి వినిపించాను, కొడుకులు కూతుళ్ళు ఉండటంకంటే గొప్ప పేరు మీకు నా ఇంట్లో ఇస్తాను, అది కొట్టేయబడదు, అని. చేతిలోని మిషన్ సూది కింద పెట్టాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "మన భాషలో ఎంత బాగుందో చూడు, రష్యన్‌లో ఎవరో అధికారి చెప్పినట్టుంటుంది" అన్నాడు. నాకు అప్పుడే పట్టుకుంది ఈ పిచ్చి, మన భాషలో వాడికి చోటు చెయ్యాలని. రష్యన్‌లో తిట్టినవాణ్ణి కిర్గిజ్‌లో కాపాడుదామని బయల్దేరాను నేను, పెద్ద మొనగాణ్ణి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తర్జుమా చేసిన ముక్కని బైబిల్ ఎన్నడూ విననివాళ్ళకి చదివి వినిపించి, ఏం అర్థమైందో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, మనం దిద్దకూడదు. మా వీధి చివరుండే పెద్దావిడ బత్మా అపాకి సొదొమ కథ చదివాను, హెన్రిక్ పక్కనే ఉన్నాడు. ఇద్దరు పరాయివాళ్ళు పొద్దుగూకాక లోతు అనేవాడి ఇంటికి రావడం, ఊరి మగాళ్ళంతా ఇల్లు చుట్టుముట్టి వాళ్ళని బయటికి తోలు, పాడుచేస్తాం అనడం. ఆవిడ వింటూ వింటూ బుగ్గలు నొక్కుకుంది. ఆ ఊరివాళ్ళ తప్పేమిటి అపా, అని అడిగాను. "ఏమిటంటావేంటిరా! చీకటిపడి గడప తొక్కినవాడు కుదాయి కొనోక్, దేవుడు పంపిన అతిథి. ఉన్న ఒక్క గొర్రెనీ కోసి పెట్టాలి గానీ, వాడి మీద చెయ్యేస్తారా? ఆ ఊరు తగలబడకపోతే ఇంకే ఊరు తగలబడుతుంది!" హెన్రిక్ ఆగలేకపోయాడు, పద్ధతి పక్కనపెట్టి, వాళ్ళూ మగాళ్ళే, వీళ్ళూ మగాళ్ళే కదా అపా, అన్నాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "అయితే? ఆడవాళ్ళయితే చెయ్యెయ్యొచ్చా?" అంది. బయటికొచ్చి కాగితం మీద రాశాడు హెన్రిక్, అర్థం కాలేదు, అడుగున వివరణ అవసరం, అని. అయ్యా, యెహెజ్కేలు ప్రవక్త కూడా ఆవిడ చెప్పిందే చెప్పాడు కదా, సొదొమ పాపం పొగరు, కడుపునిండిన మదం, దిక్కులేనివాడి చెయ్యి పట్టుకోకపోవడం అని, ఆయనకి కూడా అర్థం కాలేదని రాయండి, అన్నాను. నవ్వాడు, రాయలేదు. అలాగని బత్మా అపాని నెత్తిన పెట్టుకుని ఊరేగించక్కర్లేదు, సబీర్ వెళ్ళి ఆవిడ మిషన్ బాగుచేసి వస్తే వాడు టీ తాగిన గిన్నెని కోడలిచేత బూడిదతో తోమించింది, వాడు కిటికీలోంచి చూశాడు. కథ విన్నప్పుడు ఒక మనసు, ఇంటికొచ్చినప్పుడు ఇంకో మనసు, ఏం మనుషులం. కానీ బచాబాజ్ అంటే ఎవరు అపా అని అడిగితే మాత్రం, మా తాత చెప్పేవాడు, ఓష్ జమీందార్లు, పిల్లల ఉసురు పోసుకున్న పీనుగులు, అని చెప్పింది. అది రాసుకుని ఎగురుకుంటూ ఇంటికొచ్చాను నేను. సబీర్‌కి చెప్పలేదు, కమిటీలో తేలనీ, తేలాక చెబుదాం అనుకున్నాను.

ఇవాళ తేలింది. మూడు వారాలుగా నాతో కొట్లాడిన జిర్గల్ ఇవాళ కాగితం మడత విప్పి, బైకే, మీదే కరెక్టు, అన్నాడు. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను, రెండో వరస పిల్లాడు, ఎంతయినా నా శిష్యుడు, అనుకున్నాను. "నేను కూడా మా కుర్రకారుకి చదివి పరీక్ష చేశాను. మగవాడితో పడుకునే మగవాడు అంటే తలలు దించుకున్నారు, ఎవరూ నోరు విప్పలేదు. బచాబాజ్ అనగానే ఒకటే నవ్వు. అంటే ఎవర్రా అంటే, బజార్లో మిషన్లు బాగుచేసే సబీర్ అన్నారు, అందరికందరూ, ఒక్క గొంతుతో. ఇంతకంటే సూటిగా తగిలే మాట ఎక్కడ దొరుకుతుంది? మాస్టారు మాస్టారే!" కమిటీలో టైపు పని చూసే అనారా తలూపింది. హెన్రిక్ రాసుకున్నాడు, పూర్తిగా అర్థమైంది, అని. నిఘంటువులో చూశాను, ముసలమ్మని అడిగాను, బజారుని అడగలేదు. నేను కూరగాయలకి వెళ్ళే బజారే, ఆ కుర్రాళ్ళు వాడి కొట్టు ముందు సైకిళ్ళు ఆపి ఆ మాటే అరిచి పారిపోతారని నాకు తెలిసిన సంగతే, తెలిసి కూడా అది మాటగా లెక్కలోకి రాలేదు నాకు, తిట్టు అనుకున్నాను, అరుపు అనుకున్నాను, చదువుకున్న గాడిదని. కర్రిచ్చి పళ్ళూడగొట్టించుకోవడమంటే ఇదే, కాకపోతే పళ్ళు వాడివి.

ఆ మాట వద్దు, వెనక్కి తీసుకుంటున్నాను, అన్నాను. అనారా టైపుమిషన్ మీంచి చేతులెత్తేసింది. "అదేంటి బైకే, మూడు వారాలు మమ్మల్ని చావగొట్టి చెవులు మూసి ఒప్పించి, ఒప్పుకున్నాక వద్దంటారా?" బజార్లో దానికి అర్థం వేరే ఉంది, అన్నాను. "ఏం అర్థం? మనక్కావలసిన అర్థమేగా!" అన్నాడు జిర్గల్. కారణం చెప్పండి, రాసుకుంటాను, అన్నాడు హెన్రిక్ కలం పట్టుకుని, ఎంతో మర్యాదగా. కారణం తోక్మోక్‌లో చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చుందని ఎలా చెప్పను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను, వాళ్ళు చేతులెత్తారు. హెన్రిక్ నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో కూడా సరిగ్గా గుర్తులేదు. నా కోపం ఇప్పుడు ఎవరిమీదో నాకే తెలియడంలేదు, పౌలు మీదా, జిర్గల్ మీదా, ఆ సైకిలు వెధవల మీదా, ఇన్ని భాషలు పుట్టించి ఒక్కదాంట్లో కూడా వాడికి ఇంత చోటు పెట్టని దేవుడి మీదా.

ఇవనోవ్కా దాటింది. అబద్ధం చెప్పొచ్చు. నువ్వు అందులో లేవురా, నీ గురించి కాదు, పాత జమీందార్ల గురించి, అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు, నా మనసులో అదే ఉంది. వాడు నమ్ముతాడు, నేనేం చెప్పినా నమ్ముతాడు. చొక్కా వేసుకుని వస్తాడు ఆదివారం. బెంచీలో కూర్చుంటాడు. ఏదో ఒక ఆదివారం జిర్గల్ లేచి, ఇక మన సొంత భాషలో విందాం సోదరులారా, అంటాడు, వెనకబెంచీలో కుర్రాళ్ళు ముందే నవ్వడం మొదలెడతారు. ఛీ. అప్పుడు నేను ఎటు జరగాలి?

ఫోను తీశాను. ఎందుకు తీశానో ఆలోచించుంటే తీసేవాణ్ణి కాదు. జిర్గల్‌కి చేశాను, వెంటనే ఎత్తాడు. నీ కాగితం మీద కుర్రాళ్ళు చెప్పిన పేరు ఉంది కదా, దాని కింద ఇంకో పేరు రాసుకో జిర్గల్, అన్నాను. ఎవరి పేరు బైకే, అన్నాడు. నాది, అన్నాను. టోక్టోసున్ మాస్టారు, తోక్మోక్, అని రాసుకో, అందుకే వద్దన్నాను, హెన్రిక్ కారణం కావాలన్నాడుగా, చెప్పు. పక్కసీటు ఆవిడ సంచి సర్దుకోవడం మానేసింది. అప్పుడు జిర్గల్ ఎంత మెత్తగా మాట్లాడాడంటే, పరీక్ష తప్పిన పిల్లల్ని నేను కూడా అంత మెత్తగా ఓదార్చలేదు ఎప్పుడూ.

"తెలుసు బైకే. కుర్రాళ్ళు రెండు పేర్లు చెప్పారు. పెద్దవారు, మాకందరికీ అక్షరం పెట్టినవారు, మీ ఎదురుగా రెండోది ఎలా చదవను? అందుకే చదవలేదు. మీ పని మీరు చెయ్యండి, దేవుడి పని. పుస్తకం అచ్చయ్యేదాకా ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనరు, నాది పూచీ."

అచ్చయ్యాక? అన్నాను.

"అచ్చయ్యాక ప్రార్థన చేద్దాం బైకే."

పెట్టేశాడు. అందరికీ తెలుసన్నమాట. అద్దె ఎంత అని ఎవరూ అడగకపోవడం మర్యాద కాదు, అడగక్కర్లేకపోవడం. చేతులెత్తినప్పుడు అనారాకి తెలుసు. చెయ్యి కలిపినప్పుడు హెన్రిక్‌కి తెలుసు. బల్ల చుట్టూ అందరికీ తెలిసి, నాకొక్కడికే దాచిపెట్టి, కారణం చెప్పండి అని నన్నడిగారు. "ఎవరైనా పోయారా బైకే?" అంటోంది పక్కావిడ, సంచిలోంచి రొట్టె తుంచి నా చేతిలో పెడుతోంది, "తిను, మొహం పాలిపోయింది, చావు కబురు ఉత్త కడుపుతో మొయ్యకూడదు." ఎవరూ పోలేదక్కా, అన్నాను. రొట్టె తిన్నాను, ఇంకా వెచ్చగా ఉంది, ఏడుపొచ్చింది, నమిలాను. నేనెవరో తెలిస్తే ఆవిడ చెయ్యి కడుక్కుంటుందో లేదో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు ఇవాళ.

తోక్మోక్. వేన్ ఆగకముందే జనం లేచి తోసుకుంటున్నారు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు, టోపీ వెనక్కి నెట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని, మెడ సాచి ప్రతి తలకాయనీ వెతుకుతున్నాడు. కొట్టునుంచి ఇంటికెళ్ళి వచ్చినట్టున్నాడు, ఈసారి చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు, గోళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే నవ్వాడు. నేను మెట్టు దిగాను, వెనకనించి ఎవరో తోశారు, వాడు మోచెయ్యి పట్టుకుని ఆపాడు, అంతమందిలో ఎప్పుడూ పట్టుకోడు.

"ఏం మాస్టారూ, ఉన్నానా?"

"ఉన్నావు."

నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళలోంచి తప్పుకుంది. వాడు వాడే, వెటకారం మానడు. "ఎవరి పక్కన పెట్టారు మరి? దొంగల పక్కనా, తాగుబోతుల పక్కనా?"

"నా పక్కన" అన్నాను.